మూడు షిఫ్టుల పాకురు

నవంబరు మొదటి సోమవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు ఆ గాజు తొట్టిలో మొదటి చెంబు నీళ్లు పోశాను. ఫస్టు షిఫ్టు దిగే సైరన్ మోగి అప్పటికి పది నిమిషాలైంది కాబట్టి టైము విషయంలో నాతో ఎవరూ వాదించనక్కర్లేదు. ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో గడియారాలు తప్పు చూపించేవి గానీ సైరన్ తప్పు మోగేది కాదు. ఆ రోజుల గురించి మా వాళ్లిప్పుడు కళ్లు మూసుకుని తియ్యగా చెప్పుకుంటారు. కరెంటు ఊరికే, బొగ్గు ఊరికే, నీళ్లు ఊరికే, ఎంత మంచి రోజులో అని. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఊరికే వచ్చిన ఆ కరెంటే నా కొంప ముంచింది. (కొంప అంటే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు ఉన్న గాజు కొంప. అంచు దాకా నింపకుండా వదిలేస్తే అరవై లీటర్లు పట్టేది.)

ఇంతకాలం అణిగి ఉన్న కోపం ఇప్పుడెందుకు లేచిందంటే, పోయిన నెల మా మనవరాలు ఇంట్లో చేపల తొట్టి పెట్టింది. లోపల పచ్చటి మొక్కలు, పైన సన్నటి లైటు, ఆ లైటుకొక టైమరు. ఎనిమిది గంటలు వెలిగి తనంతట తనే ఆరిపోతుంది. "పాకురు పట్టకుండా నానమ్మా, నీకు తెల్వదు, సూడు" అని ఫోనులో ఎవరో కుర్రాడి వీడియో పెట్టి నా చేతికిచ్చింది. చివరిదాకా చూసి, లేచి వెళ్లి ఒక గ్లాసు మంచినీళ్లు తాగి వచ్చాను. ఆ కుర్రాడు ఏడు నిమిషాల్లో చెప్పి చేతులు దులుపుకున్న సంగతిని నేను ఒకే ఇంట్లో నలుగురు మనుషులకు వారాల తరబడి అరిచి అరిచి చెప్పాను. కాబట్టి నాకు తెలియదని ఎవరూ అనకూడదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. వృక్షశాస్త్రంలో డిగ్రీ చేతికొచ్చింది, పెళ్లై ఏడాదైంది. బడిలో టీచరు కావాలన్నది తప్ప నాకు వేరే కోరికలేమీ లేవు. మా చర్చికి వచ్చే ఒక పెద్ద టీచరమ్మ కాలనీ చివర బడి నడిపేది. ఒకరోజు ప్రార్థన అయ్యాక గేటు దగ్గర ఆపి అడిగాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి, "డిగ్రీ కాగితం అందరు తెస్తరమ్మా. జనవరి ఆఖరి శనివారం మా బడిల సైన్సు ప్రదర్శన ఉంది. పిల్లలకు బతికున్న పాఠం ఒకటి పట్టుకొని రా. అది నాకు నచ్చితే జూన్‌ల నువ్వు మా సైన్సు టీచరువి" అంది. నేను ఊరుకోవచ్చు కదా? "గాజు తొట్టిలో మొక్కలు పెంచి, వాటి మధ్య చేపలు తిరిగేటట్టు చేసి తెస్తానండీ. ఇటు పక్క నిలబడితే అటు పక్క గోడ కనిపించాలి, నీళ్లు అంత తేటగా ఉంటాయి" అన్నాను. ఆ 'తేటగా' అన్న మాటే నా మెడకు చుట్టుకుంది.

ఇంట్లో చెబితే మామ మురిసిపోయాడు. "మా కోడలు టీచరైతది" అని మర్నాడే బాయి అంతా చాటాడు. (గనిని మేము బాయి అంటాం.) అత్తమ్మ మాత్రం "టీచరు నౌకరి వస్తే మంచిదే, రాకుంటే ఇంకా మంచిదే" అంది. ఏమైనా అందరూ తలా ఒక చెయ్యి వేశారు, ఆ మాట కాదనను. చౌరస్తాలో ఫోటోలకు అద్దాలు కట్టే మనిషితో మా ఆయన తొట్టి చేయించాడు. బొగ్గు తీసిన ఖాళీల్లో నింపడానికి గోదారి నుంచి తెచ్చే ఇసుక ఉంటుంది, దాన్ని మామ ఒక సంచీడు అడిగి తెచ్చాడు. మరిది కాలువలో దిగి రిబ్బను లాంటి పొడుగాకు మొక్కలు పదకొండు, హైడ్రిల్లా అనే నీటి మొక్క ఒక బకెట్టెడు తెచ్చాడు. ఇసుకను ఏడుసార్లు కడిగి, మొక్కలు నాటి, రెండు వారాలు ఆగి, వరంగల్ నుంచి ఆరు గప్పీ చేపలు, రెండు నల్ల మోలీ చేపలు తెప్పించి వదిలాను. తొట్టిని ముందు గదిలో సిమెంటు గట్టు మీద, ట్యూబులైటు కింద పెట్టాను. మొక్కలకు వెలుతురు కావాలి కదా అని నేనే ఆ చోటు చూశాను. ఆ ఇంట్లో వెలుతురంటే ఏమిటో నాకింకా తెలియదు.

మా ఇంట్లో ముగ్గురు మగవాళ్లు, ముగ్గురూ బాయి మనుషులే: మామ, మా ఆయన, మరిది. ముగ్గురి షిఫ్టులూ ఎప్పుడూ కలిసేవి కావు. ఒకరు నిద్రపోతుంటే, ఒకరు అన్నం తింటూ ఉండేవాళ్లు, ఒకరు బూట్లు వేసుకుంటూ ఉండేవాళ్లు. వారం మారగానే ఆ మూడు పనులూ ముగ్గురి మధ్య చేతులు మారేవి. అందువల్ల మా కంపెనీ క్వార్టరులో రాత్రి అనేదే లేదు. నేను కాపురానికి వచ్చిన రోజు ముందు గదిలో వెలుగుతున్న ట్యూబులైటు ఏడాది తర్వాత కూడా వెలుగుతూనే ఉంది. వాడకం లేక ఆ స్విచ్చి మీద గోడతో పాటు సున్నం కూడా వేసేశారు. బిల్లు మనది కానప్పుడు ఆర్పడమెందుకన్నది కాలనీ మొత్తానికీ ఒకటే పద్ధతి.

డిసెంబరు రెండో వారానికి తొట్టి అద్దం మీద పచ్చటి పొర కనిపించింది. గుడ్డతో తుడిచాను. నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. తర్వాత పొడుగాకుల అంచులకు వెంట్రుకల్లా పాకురు వేలాడింది. ఆ తర్వాత నీళ్లే మారాయి. మొదట పెసరపప్పు కడిగిన నీళ్లు, ఆపైన గోంగూర ఉడికించిన నీళ్లు. క్రిస్మస్ నాటికి గప్పీలు అద్దం దగ్గరికొస్తే తప్ప ఉన్నాయో లేదో తెలిసేది కాదు. అటు పక్క గోడ సంగతి దేవుడెరుగు, ఇటు పక్క చేప కనబడటం లేదు. మా కాలేజీ మేడమ్‌కు ఉత్తరం రాశాను. నాలుగు ముక్కల్లో జవాబు రాసింది: వెలుతురు తగ్గించు, తిండి తగ్గించు, వారానికొకసారి పావు వంతు నీళ్లు మార్చు, మరీ ముదిరితే మూడు రోజులు పూర్తిగా చీకట్లో ఉంచు.

తిండి సంగతి మొదట పట్టాను. పొద్దున ఒక్క చిటికెడు మేత వేయడం నా పని, అంతే. కానీ అత్తమ్మది ఒక చట్టం ఉంది. డ్యూటీ దిగి వచ్చిన మనిషి ముందు కంచం పెట్టకుండా మాట మాట్లాడకూడదు. ఆ మనిషి ఆ తొట్టికి ఎదురుగా కూర్చునే తినేవాడు. ఒకరోజు మరిది కంచంలోంచి నాలుగు మెతుకులు తీసి తొట్టిలో వేస్తుంటే చూశాను.

"ఏం చేస్తున్నవ్ నువ్వు?"

"మరి నేనొక్కన్నే తింటాన వదినా? నోరు తెరుసుకొని నన్నే సూస్తున్నయి పాపం."

"చేపలు నోరు తెరిచేది ఊపిరికి! ఎన్ని రోజుల నుంచి వేస్తున్నవ్?"

"నేను రోజు ఒక్కసారే. అన్న రెండుసార్లు ఏస్తడు."

మా ఆయన్ని నిద్ర లేపి మరీ అడిగాను. "నేను పుట్నాల పొడే ఏస్తున్ననే, అన్నం ఏసేది మా నాయన" అన్నాడు, అదేదో తేడా ఉన్నట్టు. మామను అడిగితే "మీ అత్త చెప్పింది బిడ్డా" అన్నాడు. అత్తమ్మను అడిగితే, "ఇంట్ల పానమున్నదేదైనా ఆకలితోని ఉంటే ఇల్లాలి పరువు పోతది పిల్లా" అంది. నాకు కోపం వస్తే తిట్లు రావు, లెక్కలు వస్తాయి. నాదొక చిటికెడు, మరిదిదొకటి, మా ఆయనవి రెండు, మామదొకటి, అత్తమ్మది లెక్కలేనంత. గింజంత చేపలు ఎనిమిదింటికి రోజుకు ఆరేడు భోజనాలు. నీళ్లు గోంగూర కాక గంగాజలం అవుతాయా? గట్టు మీద బొగ్గుముక్కతో పెద్ద అక్షరాలతో రాశాను: మేత నేను తప్ప ఎవరూ వేయకూడదు. నలుగురూ తలూపారు. అత్తమ్మకు చదువు రాదు కాబట్టి ఆమె లెక్కలోకి రాలేదట.

ఇక వెలుతురు. కత్తితో స్విచ్చి మీది సున్నం గీకి నొక్కాను. ఆ ఇంట్లో అది మొదటి చీకటి. సాయంత్రం ఆరు దాటింది. మరిది కరెంటు పోయిందేమోనని వీధిలోకి పరిగెత్తి, అన్ని క్వార్టర్లలో లైట్లు వెలుగుతుంటే నోరు వెళ్లబెట్టాడు. రెండు నిమిషాల్లో పక్క క్వార్టరు అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏమైంది చెల్లె? బాయిల ఎవరికన్న ఏమన్నయిందా?" అని. ఇంట్లో ఏదైనా జరిగితే తప్ప ముందు గది చీకటిగా ఉండదట. ఆమెను ఊరడించి పంపేసరికి అత్తమ్మ లైటు వేసేసింది. మర్నాడు ట్యూబులైటు స్టార్టరు పీకి కొంగున ముడి వేసుకున్నాను. డ్యూటీ దిగి వస్తూ మామ కొత్త స్టార్టరు కొనుక్కొచ్చాడు, "పాపం, కోడలు చీకట్ల ఉంది" అని. దాన్నీ పీకాను. మూడోది తెచ్చాడు. అలా నా కొంగుకు మూడు ముడులు పడ్డాయి, లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. ఎందుకంటే నాలుగోది మరిది తెచ్చాడు.

చివరికి లైటు జోలికి పోకుండా తొట్టి మీద దళసరి రగ్గు కప్పాను. మూడు రోజులు ఎవరూ తీయకూడదని ఒట్టు వేయించుకున్నాను. మర్నాడు పొద్దున లేచి చూస్తే రగ్గు కప్పి ఉంది కదా అని సంతోషపడ్డాను. దగ్గరికెళితే రగ్గు నేత సందుల్లోంచి లోపల ఏదో వెలుగుతోంది. ఎత్తి చూశాను. తొట్టి అంచున టార్చిలైటు, తాడుతో కట్టి, నీళ్ల మీదికి వంచి, వెలుగుతూ. రగ్గుకు పక్కన గాలి కోసం అరచేయంత కంత కూడా కోసి ఉంది. (బాయిలో తలకు పెట్టుకునే దీపం షిఫ్టు దిగాక ల్యాంప్ రూములో ఇచ్చి రావాలి. అది ఒక్కటే నన్ను కాపాడింది. లేకపోతే మామ దాన్నే తెచ్చి కట్టేవాడు.) నేను రగ్గు ఎత్తిన ఊపుకు ఆ టార్చి కాస్తా నీళ్లలో పడి ఆరిపోయింది. మామ ముందు అంతవరకు నేను గొంతెత్తి ఎరగను. ఆ పొద్దు నా గొంతు నాలుగు క్వార్టర్ల అవతలికి వినిపించిందని తర్వాత చెప్పారు.

"మామా! ఇది చేపల తొట్టి, బాయి కాదు! వాటికి గాలి ఎందుకు, దీపమెందుకు!"

మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ ఎవరి మీదా కోప్పడని మనిషి. "ఒకసారి లోపల నా దీపం ఆరిపోయింది బిడ్డా. జతగాడు పైకి పోయిండు. గోడకు చెయ్యి ఆనిచ్చి కూసున్న. ఎంతసేపో తెల్వది. ఎవరో వచ్చి పేరు పెట్టి పిలిచినంకనే నేను బతికున్ననని తెలిసింది. అప్పటిసంది ఇంట్ల చీకటైతే నా పానం నిలువది. అవి మాత్రం ఎట్ల ఉంటయి?"

ఇది విని నా మనసు కరిగిందని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. ప్రదర్శనకు పదిహేడు రోజులుంది, నా కళ్ల ముందు నా ఉద్యోగం పచ్చగా కుళ్లిపోతోంది. కరగలేదు. కానీ ఇంతకాలం ఈ మనిషికి నేను తప్పు భాషలో చెబుతున్నానని మాత్రం తోచింది.

"మామా, మొక్కకు వెలుతురే డ్యూటీ. వెలుతురున్నంత సేపు అది పనిచేయాలె. మీ ట్యూబులైటు కింద నా మొక్కలు మూడు షిఫ్టులు చేస్తున్నయి."

"మూడు షిఫ్టులా?" అని నిటారుగా కూర్చున్నాడు. "ఒక్కటే మొక్కతోనా? రిలీవరు రాడా?"

"రాడు. రెస్టు లేదు, ఆదివారం లేదు. మొక్క అలిసి పడిపోతే దాని జాగల పాకురు వచ్చి కూసుంటది."

"అరె! ఏం అన్యాయమిది! ముందే చెప్తే ఐపోవు గదా బిడ్డా!" అన్నాడు, నెల రోజులుగా నేనేదో పాటలు పాడుతున్నట్టు. అప్పటికప్పుడు లేచి, ఇంటిల్లిపాదినీ పిలిచి, బాయి గేటు దగ్గర మీటింగులో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఆ రోజు నుంచి తొట్టికి ఒక్కటే షిఫ్టు అని తీర్మానమైంది. రగ్గు కంతకు అత్తమ్మ అతుకు వేసింది. మూడు రోజుల చీకటి మొదలైంది. అయితే చేపలను ఒంటరిగా చీకట్లో వదలడానికి మామకు కాళ్లు రాలేదు. డ్యూటీకి పోలేదు. "మూడు మస్టర్లు పోతే పోనీ" అని గట్టు పక్కన చాప వేసుకుని, రగ్గు కప్పిన తొట్టితో మాట్లాడుతూ కూర్చున్నాడు. (మస్టరంటే ఒక రోజు హాజరు. మామ జ్వరమొచ్చినా మస్టరు పోగొట్టుకునే మనిషి కాదు.) "ఇంకెంత, రేపు పొద్దుగూకితే ఐపోతది" అని చేపలకు ధైర్యం చెబుతుంటే వంటింట్లో నాకు పళ్లు నూరాలో నవ్వాలో తెలియలేదు. పళ్లే నూరాను.

నాలుగో రోజు రగ్గు తీశాను. పాకురు బూడిద రంగుకొచ్చి ఇసుక మీద రాలి ఉంది. సగం నీళ్లు మార్చాను. వారానికల్లా పొడుగాకులకు కొత్త చిగుళ్లు, ఎనిమిది చేపలూ హుషారుగా. ఇటు నిలబడితే అటు పక్క గోడ మీద క్యాలెండరులో తేదీలు చదవగలిగాను. నా లెక్క ప్రకారం కథ ఇక్కడ ఆగిపోవాలి. కానీ ఆ ఇంట్లో ఏదీ ఒక షిఫ్టుతో ఆగదు.

పాకురు శత్రువని తెలిశాక నలుగురూ దాని మీద పడ్డారు. మామ సైరన్ వినగానే స్విచ్చి దగ్గర నిలబడి "దిగుండ్రి, దిగుండ్రి, డ్యూటీ ఐపోయింది" అని లైటు ఆర్పేవాడు. అది మంచిదే. మరిది డ్యూటీ దిగగానే గడ్డం గీసుకునే బ్లేడుతో అద్దం గీకేవాడు. సరే, భరించాను. మా ఆయన వచ్చి పావు వంతు నీళ్లు మార్చేవాడు. వారానికొకసారి అన్నాను కదా అంటే, "రోజు మారిస్తే ఇంకా మంచిగుంటది గదా" అనేవాడు. అన్న మార్చింది తెలియక తమ్ముడు, తమ్ముడు మార్చింది తెలియక తండ్రి మళ్లీ మార్చేవాళ్లు. జనవరి చలిలో, నల్లా కింద పట్టిన ఐసులాంటి నీళ్లు. ఆ వారంలో గప్పీలు మూడు తేలాయి. నేను అరిచాను. నలుగురూ తలూపారు.

ప్రదర్శన ముందు రోజు, శుక్రవారం, పెద్ద టీచరమ్మ దగ్గర బల్ల చోటు చూసి రావడానికి బడికి వెళ్లాను. గంటన్నరలో తిరిగొచ్చాను. అత్తమ్మ గడపలోనే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"రా పిల్లా, రా. అద్దం లెక్క చేసిన. మూల మీద జరంత పచ్చగుంటే నాకు మనసున పట్టలేదు."

"ఏం వేసినవ్ అత్తమ్మా?"

"మురికి మోరీలకు ఏసే బ్లీచింగు పౌడరు. ఎక్కువ ఏయలే, ఒక్క పిడికెడు. ఇగ పాకురు మళ్ల జన్మల రాదు."

నిజమే. మళ్లీ రాలేదు. నీళ్లు అంత తేటగా నేను ఎప్పుడూ చూడలేదు. తెల్లబడ్డ పొడుగాకులు, తెల్లటి ఇసుక, పైన వెల్లకిలా ఐదు చేపలు. నేను వంటింట్లోకి వెళ్లి ఒక ఇత్తడి చెంబు తీసి నేలకేసి కొట్టాను. నా జీవితంలో సామాను విసిరింది ఆ ఒక్కసారే. అత్తమ్మ బిక్కచచ్చి, "మంచిగ చేద్దామనే చేసిన" అంది. ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ చెడ్డగా చేద్దామని చేయలేదు. అందుకే ఎవరినీ తిట్టడానికి వీలు చిక్కలేదు. ఆ కోపమంతా నాలోనే ఉండిపోయింది.

అయినా తొట్టి పట్టుకెళ్లాను. పంతం. మామా మరిదీ మోశారు. బల్ల మీద పెట్టి, మళ్లీ నీళ్లు నింపి, బతికుందో లేదో తెలియని హైడ్రిల్లా కాడ ఒకటి మధ్యలో నిలబెట్టి, పక్కన నిలుచున్నాను. పెద్ద టీచరమ్మ వచ్చి ఇటు నుంచి వంగి చూసింది. అటు పక్క గోడ చక్కగా కనిపించింది. "నీళ్లు చాలా తేటగున్నయమ్మా. మరి చేపలేవి?" అంది. నేను హైడ్రిల్లా కాడను నిటారుగా సర్దాను. వెనకనుంచి మామ తలపాగా తీసి చేతిలో పట్టుకుని, "డ్యూటీకి పోయినయమ్మా, సాయంత్రం దిగుతయి" అన్నాడు.

ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. అంతగా నవ్విన మనిషి ఉద్యోగం ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. రెండు బల్లల అవతల ఒక అమ్మాయి సాసర్లలో తడిగుడ్డ మీద పెసలు మొలకెత్తించి పెట్టింది. మూడు రోజుల పని. జూన్‌లో ఆ అమ్మాయి బడిలో చేరింది. నేను రెండేళ్ల తర్వాత దవాఖానలో చీటీలు రాసే గుమాస్తాగా చేరి, ముప్పై ఒక్కేళ్లు జ్వరాలకు, దెబ్బలకు నంబర్లు వేసి రిటైరయ్యాను. వృక్షశాస్త్రం ఒక్క పిల్లకు కూడా చెప్పలేదు.

అప్పుడప్పుడు అనుకుంటాను, కొంగుకు మూడు స్టార్టర్లు కట్టుకుని ఇల్లంతా అరుస్తూ తిరిగిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల ఇప్పుడెదురైతే ఏం చెబుతానా అని. "ఓ పిచ్చిదానా, ఆ తొట్టిని తీసుకెళ్లి నీ పుట్టింట్లో పెట్టుకోవే" అంటాను. వినదు. లెక్కలు చెప్పి నా నోరు మూయిస్తుంది. ఆ పిల్ల మీద నవ్వొస్తుంది గానీ, తప్పు తనదని మాత్రం నేనొప్పుకోను.

పోయినవి ఇవీ: గప్పీలు ఆరు, మోలీలు రెండు. పొడుగాకు మొక్కలు పదకొండు, హైడ్రిల్లా మొత్తం. టార్చిలైటు ఒకటి, రగ్గు ఒకటి, ఇత్తడి చెంబు సొట్టపడింది. మామవి మూడు మస్టర్లు. నాది ఒక బడి.